తేదీ మారింది, అంకె మారలేదు

ఆ రోజు ఉదయం కూడా ఆమె గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చింది. ఒక్క గుక్క నోట్లో తిప్పి మింగి, కాసేపు ఆగి, అప్పుడు మిగిలిన నీళ్లు తాగింది. ఇరవై రెండేళ్ల కాపురంలో టైలరు ఈ తతంగం చూడని పొద్దంటూ లేదు. కొత్త కోడలిగా వచ్చిన రోజు మంచినీళ్లు ఇస్తే అలాగే వాసన చూసిందట. కోడలు మన నీళ్లకే వంకలు పెడుతోందని అతని తల్లి వారం పాటు మూతి ముడుచుకుంది. నీళ్ల ఆఫీసులో పరీక్షలు చేసే మనిషికి అది ఉద్యోగపు అలవాటని ఆవిడకు అర్థమయ్యేసరికి మనవలు పుట్టే వయసొచ్చింది, మనవలు మాత్రం పుట్టలేదు. ఆఫీసులో అందరూ ఆమెను ‘ముక్కు మేడం’ అనేవాళ్లు. ఆమెకూ ఆ పేరు నచ్చేది.

గొడుగు తీసుకెళ్లమన్నాడు టైలరు. సంచిలో ఉందంది. గుమ్మం దిగి, మళ్లీ వెనక్కి తిరిగింది.

“సాయంత్రం తాళాలాయన దగ్గర ఒక్క నిమిషం ఆగి వస్తా. ఆలస్యమైతే కంగారుపడకండి.”

ఎదురు కొట్టు తాళాలాయన మాటెత్తితేనే టైలరుకు భయం. పైకి మాత్రం తలూపాడు.

టైలరు పుట్టు భయస్తుడు. ఆ సంగతి అతనే ఒప్పుకుంటాడు. షాపు తలుపుకు తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. కొలతలు రెండుసార్లు తీసుకుంటాడు. ఫోను మోగితే మొదటి మోతకు ఉలిక్కిపడి, రెండో మోతకు లేచి, మూడో మోతకు గానీ ఎత్తడు. షాపు ముందు, ఇల్లు వెనక. ఉన్న ఒక్క ఫోనూ షాపు గోడకే ఉండేది. “పిల్లి పుట్టాల్సిన చోట పొరపాటున మనిషి పుట్టాడు” అని భార్య నవ్వేది. అతనూ నవ్వేవాడు. ఆ నవ్వులు రెండు నెలలుగా తగ్గిపోయాయి.

అంతా మూడో పేజీలోని ఒక చిన్న డబ్బాతో మొదలైంది.

ఊరి పత్రికలో మూడో పేజీ అడుగున రోజూ ‘నేటి నీరు’ అని ఒక డబ్బా వచ్చేది. నాలుగు చోట్ల నీళ్లలో క్లోరిన్ మందు ఎంత ఉందో నాలుగు అంకెలు, పైన తేదీ, అంతే. ఆ అంకెలు ఆమె రాసినవే. పొద్దున్నే ట్యాంకు దగ్గరా, మూడు వీధి కుళాయిల దగ్గరా సీసాలు నింపుకొచ్చి, సన్నటి గొట్టంలో పోసి పరీక్ష మందు చుక్కలు వేస్తుంది. పసుపు రంగు తేలుతుంది. అంకెలు వేసిన రంగు అద్దాల పక్కన పెట్టి అది ఏ అద్దానికి సరిపోతే ఆ అంకె రాస్తుంది. రెండు అద్దాల మధ్య రంగు వస్తే మిగతావాళ్లు దగ్గర్లో ఉన్నది రాసేసి ఊరుకునేవాళ్లు. ఆమె ఊరుకోదు. పాయింట్ మూడుకీ పాయింట్ నాలుగుకీ నడుమ ఉంటే పాయింట్ మూడు ఐదు అని రాస్తుంది. కాగితం పదకొండు గంటలకు పత్రికకు వెళ్తుంది, మర్నాడు అచ్చవుతుంది.

ఆ డబ్బాను టైలరు రోజూ బట్టలివ్వడానికి వచ్చినవాళ్లకు పైకి చదివి వినిపించేవాడు. “మా ఆవిడ అంకెలు” అని మెడ కాస్త సాగేది. రాసిన మనిషి మాత్రం ఆ పేజీ ఏనాడూ తెరవలేదు. తన చేత్తో రాసినదాన్ని మళ్లీ చదవడమేమిటని ఆమె ఉద్దేశం. ఆ ఒక్క ఉద్దేశమే ఆమెను దెబ్బ తీసింది.

పల్లపు వీధిలో టైలరు చెల్లెలు ఉండేది. ఆమె కూతురికి కామెర్లు వచ్చాయంటే ఒక సాయంత్రం మొగుడూ పెళ్లాలిద్దరూ చూడటానికి వెళ్లారు. పిల్ల కళ్లు పచ్చగా, గోడకు తిరిగి పడుకుని ఉంది. నీళ్లు కాచి ఇస్తున్నావా అని ఆమె ఆడబిడ్డను అడిగింది.

“ఎందుకు వదినా, పేపర్లో రోజూ బాగున్నాయనే వేస్తున్నారుగా,” అంది చెల్లెలు. పేపరు తెచ్చి చూపించింది. “ఇవి నీ అంకెలే కదా.”

ఆమె పేపరు చేతిలోకి తీసుకుంది. అది ఇరవై ఏడో తేదీ పేపరు. మూడో కుళాయి ఎదురుగా పాయింట్ మూడు ఐదు అని ఉంది. ఆమె మొహం సున్నం కొట్టినట్టు పాలిపోవడం టైలరు చూశాడు. ఇంట్లో ఉన్న పాత పేపర్లన్నీ తెమ్మంది. చెల్లెలు అటక మీంచి కట్ట దింపింది. ఆమె ఒక్కొక్కటీ తెరిచి నేల మీద పరుస్తూ పోయింది. పన్నెండో తేదీ నుంచి అన్నింటిలో అవే నాలుగు అంకెలు. తేదీ ఒక్కటే మారుతూ వచ్చింది.

సంగతి ఇదీ. పదకొండో తేదీన ట్యాంకు దగ్గర మందు కలిపే మిషను పాడైంది. ఆ రోజు నుంచి ఆమె గొట్టంలో రంగు తేలడం లేదు. రిజిస్టర్లో నాలుగు సున్నాలు రాసింది, కాగితం మీదా నాలుగు సున్నాలు రాసి తన పై ఇంజనీరు బల్ల మీద పెట్టింది. మిషను బాగయ్యేదాకా పత్రికకు పంపొద్దని ఆయన చెప్పాడు. పంపకపోతే డబ్బా రాదనుకుంది ఆమె. నీళ్లు కాచుకు తాగమని వీధుల్లో చాటింపు వేయిస్తారనీ అనుకుంది. రెండూ జరగలేదు. టైలరైతే రెండు వారాలు దాటి ఆ పాత అంకెలనే రోజూ కొత్తగా, గర్వంగా, పైకి చదువుతూ వచ్చాడు. పాయింట్ మూడు ఐదు అని నోటితో అంటూనే, నిన్నా అదే అన్నానే అని ఒక్కనాడూ తోచలేదు.

మర్నాడు ఆమె ఇంజనీరును అడిగింది. మనం పంపలేదు కదా, వాళ్లు వేసుకుంటే మనకేం సంబంధం అన్నాడాయన. ఆఫీసు ఫోను నుంచే పత్రికకు చేసింది. డెస్కులో ఉన్నాయన చాలా మర్యాదగా చెప్పాడు. కాగితం రాకపోతే పాత డబ్బా అలాగే నిలబెట్టి తేదీ మారుస్తారట. పేజీలో ఖాళీ వదలకూడదట. ఎప్పటి నుంచో అదే పద్ధతట.

“నేను పంపకపోతే చాలు, ఊరంతా నీళ్లు బాగున్నట్టే,” అంది ఆమె ఇంటికి వచ్చి. “ఈయనకు ఆ పద్ధతి తెలుసండీ. తెలిసే ఆపాడు.”

“ఎవరికి తెలుసు?”

“ఇంజనీరుకు. నాకే తెలీదు.”

టైలరు లేచి షాపు తలుపు దగ్గరికి వేశాడు.

ఇరవై తొమ్మిదో తేదీ పేపర్లో ఆ డబ్బా లేదు. దాని చోట పరుపుల ప్రకటన ఉంది. ఇంక గొడవ తీరిందని టైలరు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమెకు తీరలేదు. తీసేయడం వేరు, తప్పని చెప్పడం వేరు అంటుంది. పన్నెండు నుంచి ఇరవై ఎనిమిది దాకా పదిహేడు రోజుల అంకెలు ఆ రోజులవి కావని అదే పత్రిక అచ్చు వేయాలి. అప్పటికి పల్లపు వీధిలో ఇంకో ఆరుగురు పడుకున్నారు. డాక్టరు నీళ్ల వల్లేమో అంటే, పేపర్లో బాగున్నాయని వచ్చిందిగా అని జనమే డాక్టరుకు ఎదురు చెప్పారు. మందు మిషను బాగైనా, ఈ నమ్మకం మిషనులా బాగయ్యేది కాదు. ఆమె పట్టు అదీ.

నాలుగో రోజున ఆఫీసులో ఆమె ముందు ఒక టైపు కాగితం పెట్టారు. ఆ పదిహేడు రోజులూ పరీక్షలు సక్రమంగా జరిగాయి, పత్రికలో వచ్చిన అంకెలు సరైనవే అని రాసి ఉంది. కింద ఆమె సంతకానికి చుక్కల గీత. చదివి ఇస్తానని చెప్పి ఖాళీగానే వెనక్కి ఇచ్చేసింది. ఆ సాయంత్రం నుంచి షాపులో ఫోను మోగడం మొదలైంది. ఎత్తితే అవతల మాట లేదు, ఊపిరి మాత్రం వినపడేది. టైలరు హలో అని, మళ్లీ హలో అని, పెట్టేసేవాడు. ఆమె వంటింట్లోంచి ఎవరని అడిగితే రాంగ్ నంబరనేవాడు. రోజుకు నాలుగు రాంగ్ నంబర్లు వస్తున్నాయేమిటని ఆమె ఒకసారి అని, మొహం చూసి, ఇంకెప్పుడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడు ప్యాంటు పొడవు తగ్గించాలన్నాడు. రెండోవాడు స్టూలు మీద కూర్చుని దారపు ఉండలు తీసి చూస్తూ, మళ్లీ సర్దుతూ ఉన్నాడు. టైలరు మోకాళ్ల మీద కూర్చుని కొలత తీస్తుంటే పైనుంచి మాట వినపడింది.

“మీ ఆవిడ చేతిరాత ముత్యాల్లా ఉంటుందటగా.”

టైలరు టేపును చీలమండ దాకా లాగాడు.

“ఒక్క సంతకం పెడితే సరిపోయేది బాబాయ్. మీరైనా చెప్పకూడదూ? ఈ షాపు చాలా పాతది. కర్ర తలుపులు, లోపలంతా గుడ్డలు.”

టేపు మీద అంకెలు అలుక్కుపోయాయి. తొంభై ఆరు రాయాల్సిన చోట తొంభై ఒకటి రాశాడు. ఆ ప్యాంటు పొట్టిగా కుట్టాడు. దాన్ని తీసుకోవడానికి ఎవరూ రాలేదు. నెలల తరబడి అది హ్యాంగరుకు వేలాడుతూనే ఉంది. గాలికి కదిలినప్పుడల్లా లోపల కాళ్లున్నట్టే ఉండేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అతను సంతకం పెట్టెయ్యమన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. అతని ప్లేటు వైపు చూసింది, అన్నం కలిపి అలాగే వదిలేసి ఉంది.

“ఎవరైనా వచ్చారా?”

“ఎవరూ రాలేదు.”

“సరే,” అంది. ఇంకాసేపటికి, “నా అంకెను నేనే అబద్ధం చేసుకుంటే, రేపు నా ముక్కును నేనే నమ్మలేను కదండీ,” అంది. ఆ మాట కాస్త హాస్యంగానే అంది. అతనికి నవ్వు రాలేదు.

మర్నాడు ఆమె పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాసింది. రెండు పేజీలు. తేదీలు, అంకెలు, తన రిజిస్టర్లోని సున్నాలు. ఒక్క కోపపు మాట లేదు. కవరు అంటించి టైలరు చేతికిచ్చి రిజిస్టరు పోస్టు చేసి రమ్మంది. పోస్టాఫీసు రెండు వీధుల అవతల. టైలరు బయల్దేరాడు. మలుపు దగ్గర ఒకతను బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఆ ప్యాంటు మనిషో కాదో తెలియలేదు. అతను సిగరెట్టు వెలిగించుకుంటూ టైలరు చేతిలోని కవరు వైపు చూశాడు, లేదా చూసినట్టు టైలరుకు అనిపించింది. టైలరు వెనక్కి తిరిగి నడిచాడు. కవరును కుట్టుమిషను సొరుగులో, చాక్ ముక్కల కింద పెట్టాడు. రేపు వేద్దాం అనుకున్నాడు. ఆ రేపు రాలేదు.

రెండు రోజుల తర్వాత ఆమె అడిగింది, రసీదు ఇచ్చారా అని. ఇచ్చారు, ఎక్కడో పెట్టానన్నాడు. సరేనంది. ఆమె చూపు ఒక్క క్షణం సొరుగు మీద ఆగినట్టు అతనికి తోచింది. ఆమె వెళ్లి వంటింట్లో గిన్నెలు కడిగింది.

ఆ తర్వాత తాళాలాయన వ్యవహారం మొదలైంది. షాపుకు సరిగ్గా ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన కొట్టు ఉంది. మనిషి పట్టేంత పెట్టె, దాని మీద ఎర్ర రంగు బోర్డు: తాళం పోయిందా, ఫోన్ చేయండి, కింద నంబరు. ఆఫీసు నుంచి వస్తూ ఆమె అక్కడ ఆగడం టైలరు చూశాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆయన ఏదో చెప్తాడు, ఆమె తలూపుతుంది. ఒకరోజు ఆయనే చేయెత్తి ఆమెను పిలిచాడు. ఏమిటా పని అని టైలరు అడిగితే, ఆఫీసు బీరువా తాళం మొరాయిస్తోందంది.

ఆ జవాబుతో అతనికి నిద్ర పోయింది. ఆ బీరువాలోనే సున్నాల రిజిస్టరు ఉంటుంది. దొంగతాళం చేయించి రిజిస్టరు బయటికి తెస్తుంది, దొరికిపోతుంది, ఉద్యోగం పోతుంది, ఆ ఇద్దరూ అగ్గిపెట్టెతో వస్తారు. ఈ వరసంతా అతను రోజూ మిషను తొక్కుతూ మొదట్నుంచి చివరిదాకా చూసేవాడు. కుట్టు వంకర పోయేది. విప్పి మళ్లీ కుట్టేవాడు. తలెత్తితే ఎదురుగా ఎర్ర అంకెలు. ఎనిమిదేళ్లుగా చూసి చూసి ఆ నంబరు అతనికి తన వయసు కన్నా బాగా గుర్తుండిపోయింది.

అందుకే ఆ ఉదయం, తాళాలాయన దగ్గర ఆగుతానని చెప్పి ఆమె వెళ్లిపోయాక, ఈ రాత్రి అడిగెయ్యాలి అనుకున్నాడు. ఉత్తరం సంగతీ చెప్పెయ్యాలి. తిడితే తిట్టనీ.

పదింటికి ఫోను మోగింది. మూడో మోతకు ఎత్తాడు. ఈసారి అవతల మనిషి మాట్లాడాడు.

ట్యాంకు మెట్ల మీద ఆమె మూడో మెట్టున కూర్చుని ఉందట. సీసాల చట్రం పక్కన జాగ్రత్తగా దింపి పెట్టుకుందట. నాలుగు సీసాలూ నిండుగా ఉన్నాయి, ఒక్కటీ ఒలకలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఆమెను ఎవరూ ఏమీ చేయలేదు. టైలరు ఆ మాట డాక్టరును మూడుసార్లు అడిగాడు, తాళం లాగి చూసినట్టు. మూడుసార్లూ అదే జవాబు.

ఇంజనీరు ఆఫీసు కారులో వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. మంచి పనిమంతురాలన్నాడు. లేచేటప్పుడు, ఆఫీసు కాగితాలేమైనా ఇంట్లో ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాడు టైలరు. ఆయన చెయ్యి ఆనించి నిలబడింది ఆ ఉత్తరమున్న కుట్టుమిషను మీదే.

నాలుగైదు రోజులకు తాళాలాయన రోడ్డు దాటి వచ్చాడు. గుమ్మంలో నిలబడి మీకో మాట చెప్పాలండీ అన్నాడు. చేతిలో ఏ తాళమూ లేదు. అయినా టైలరుకు బీరువాయే గుర్తొచ్చింది. ఆ బీరువా సంగతి తను వినకూడదు, వింటే తనూ అందులో ఉన్నట్టే. తర్వాత మాట్లాడదాం అన్నాడు. ఆయన మళ్లీ రోడ్డు దాటి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి టైలరు మిషనును తిప్పి, గోడ వైపు మొహం పెట్టి కుట్టడం మొదలుపెట్టాడు.

రెండు నెలలు గడిచాయి. ఫోను ఊపిరి తీయడం మానేసింది. భయపెట్టడానికి ఇంక మనిషి లేదు కదా. కానీ టైలరుకు భయం తగ్గలేదు, అలవాటు కొద్దీ ఉండిపోయింది. ఒకరోజు చెల్లెలు కూతురిని తీసుకుని వచ్చింది. పిల్ల కళ్లు తెల్లబడ్డాయి, కాస్త ఒళ్లు చేసింది. చెల్లెలు పొట్టి ప్యాంటు ఎవరిదని అడిగింది, బొత్తాల డబ్బా సర్దింది, ఉన్నట్టుండి అంది:

“వదిన పత్రికకు ఉత్తరం రాసిందన్నావు కదా అన్నయ్యా. వాళ్లు కనీసం జవాబైనా ఇవ్వలేదా?”

వాళ్లు వెళ్లాక టైలరు సొరుగు లాగాడు. కవరు మీద చాక్ పొడి పట్టి ఉంది. తుడిచాడు. చొక్కా లోపల పెట్టుకుని, తలుపుకు తాళం వేసి, ఒక్కసారే లాగి చూసి, నడిచాడు.

పత్రికాఫీసు అతను ఎప్పుడూ చూడలేదు. గేటు దగ్గర కాపలా మనిషి ఆపితే కవరు తీసి చూపించాడు. లోపల చల్లటి గది, గోడ పొడవునా కుర్చీలు, బల్ల వెనక కళ్లజోడు పెట్టుకున్న నడివయసు ఆవిడ. వచ్చినవాళ్లు రాయాలంటూ పెద్ద పుస్తకం తిప్పి ముందుకు తోసింది. తేదీ, పేరు, పని, ఫోను. పని అన్న చోట ‘నేటి నీరు, సవరణ’ అని రాశాడు.

ఆవిడ తలకిందులుగానే చదివేసింది.

“అది వేసేశారు కదండీ.”

అతనికి అర్థం కాలేదు. ఆవిడ లేచి వెనక ఉన్న ఫైళ్లలోంచి ఒక పేపరు తెచ్చి ఏడో పేజీ తెరిచింది. అమ్మకాల ప్రకటనల కింద నాలుగు వరసలు ఉన్నాయి. పన్నెండు నుంచి ఇరవై ఎనిమిది వరకు ‘నేటి నీరు’ పేరుతో వచ్చిన అంకెలు ఆయా రోజుల పరీక్షలవి కావు, ఆ రోజుల్లో నీటిలో క్లోరిన్ లేదు, కాగితం అందకపోయినా పాత అంకెలు ప్రచురించడం మా తప్పు, చింతిస్తున్నాం. తేదీ చూశాడు. ఆమె పోయిన నాలుగో రోజు. ఆ వారం అతను పేపరే తెరవలేదు.

“ఒకావిడ వచ్చేవారండీ దీనికోసం,” అంది కళ్లజోడు ఆవిడ. “ఆ చివరి కుర్చీలో కూర్చునేవారు. డెస్కాయన లేరంటే ఉండేదాకా కూర్చుంటానన్నారు. నీళ్లిస్తే వాసన చూసి తాగారు, మేమంతా నవ్వుకున్నాం. మీరు ఆవిడ తాలూకా?”

“భర్తను.”

“ఆవిడ రాలేదేం?”

అతను చెప్పాడు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత పుస్తకం తన వైపు తిప్పుకుని పేజీలు వెనక్కి తిప్పుతూ పోయి, ఒక చోట ఆగి, అతని ముందుకు జరిపింది. ముత్యాల్లాంటి చేతిరాత. మొదటిసారి వచ్చిన తేదీ, రసీదు ఎక్కడో పెట్టానని అతను అబద్ధం చెప్పిన మర్నాడు. ఇంకో మూడు పేజీల్లో ఇంకో మూడుసార్లు. అన్నీ మధ్యాహ్నం భోజనం వేళలే.

“అచ్చు వేస్తున్నామని చెప్పడానికి డెస్కాయన ఫోన్ చేశారండీ, అది అచ్చుకెళ్లిన రోజే. ఇంటి నంబరు ఇవ్వమంటే ఆవిడ ఇవ్వలేదు. ఇంట్లో ఫోను మోగితే మా ఆయన భయపడతారు అన్నారు. ఈ నంబరు రాశారు.”

టైలరు ఫోను గడి వైపు చూశాడు. నాలుగుసార్లూ ఒకటే నంబరు. అది ఎవరిదో అతను ఎవరినీ అడగనక్కర్లేదు. ఎనిమిదేళ్లుగా మిషను మీంచి తలెత్తినప్పుడల్లా రోడ్డుకు అవతల ఎర్ర రంగులో కనిపించిన నంబరే.